వాహిని ఫ్లోర్ మీదికి జీటీ ఎక్స్‌ప్రెస్: స్టూడియో చరిత్రను రైడ్‌గా కట్టాలంటే ఏమేం కావాలె

మా బాపు హన్మకొండలో ఒక టాకీస్‌లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసేటోడు. చిన్నప్పుడు నేను అన్నం క్యారియర్ పట్టుకపోయి ఆ క్యాబిన్‌లనే కూసునేటోన్ని, కార్బన్ కడ్డీలు కాలే వాసన, గోడకున్న చిన్న కిటికీలకెల్లి కిందికి దిగే వెలుతురు, ఆ వెలుతురుల తిరిగే దుమ్ము ఇప్పటికీ యాదికున్నయి. పాత సినిమాలు మళ్ళీ వేసినప్పుడు మొదట్ల ఆంజనేయుడి జెండా రెపరెపలాడేది కదా, విజయా వాళ్ళ గుర్తు, అది పడంగనే బాపు "ఈ బొమ్మ తీసిన జాగ ఒక్కపారి సూడాలె బిడ్డా" అనేటోడు. ఆయన చూడలేకపోయిండు. కొన్నేండ్ల కింద పని మీద చెన్నై పోయినప్పుడు నేను వడపళనికి పోయిన, ఒకప్పుడు వాహిని స్టూడియో ఫ్లోర్లు, అంటే సెట్లు వేసి షూటింగ్ చేసే పెద్ద షెడ్లు, ఉన్న జాగలో ఇప్పుడు హాస్పిటల్ ఉంది, ఒక పెద్ద మాల్ ఉంది, జనం సంచులు పట్టుకుని ఎక్కుతున్నరు దిగుతున్నరు. భూమి ఉన్నోళ్ళు ఏం కట్టుకుంటరన్నది వాళ్ళిష్టం, దానికి నేనేం అనను. కానీ ఆ మాల్ మెట్ల మీద నిలబడ్డప్పుడు ఒక ఆలోచన వచ్చింది, అది ఇప్పటిదాకా నన్ను వదల్లేదు. ఈ స్టూడియో చరిత్రను ఒక రైడ్ లాగ కట్టి, మా వరంగల్‌లో పెట్టి, మనుషులను కూసోబెట్టి తిప్పి చూపిస్తే ఎట్లుంటది?

అనుకునేటప్పుడు సులువుగానే అనిపిస్తది, నాలుగు విగ్రహాలు, పది పాటలు, ఒక పెద్ద తెర. నిజంగా కాగితం పెన్ను పట్టుకుని కూసుంటే అప్పుడు తెలుస్తది ఇండ్ల ఎన్ని ముళ్ళు ఉన్నయో. ఒక్కొక్కటి విప్పుకుంట పోదాం.

మొదటి ముడి అసలు "స్టూడియో" అన్న మాటలోనే ఉంది. హాలీవుడ్‌లో స్టూడియో అంటే కంపెనీ, సినిమా తీసేది వాళ్ళే, అమ్మేది వాళ్ళే, పాత సినిమాల మీద హక్కులు వాళ్ళవే, ఒకప్పుడైతే యాక్టర్లు కూడా నెల జీతం మీద వాళ్ళ దగ్గరనే ఉండేటోళ్ళు. అందుకే అక్కడ "మా స్టూడియో చరిత్ర" అని ఒక రైడ్ కట్టాలంటే లోపల ఏం పెట్టాలో తేటగా ఉంటది, వాళ్ళ సినిమాలే వాళ్ళ చరిత్ర. మన దగ్గర అట్ల కాదు. వాహిని స్టూడియో 1948లో మద్రాసులో మొదలైంది, మూలా నారాయణస్వామి పెట్టుబడి, బి.ఎన్.రెడ్డి ఆలోచన. తర్వాత బి.నాగిరెడ్డి, చక్రపాణి విజయా ప్రొడక్షన్స్ పెట్టిండ్రు, స్టూడియో నడిపే పని నాగిరెడ్డి చేతికి వచ్చింది, అది విజయా వాహిని అయ్యి ఆసియాలోనే పెద్ద స్టూడియోల్లో ఒకటి అనిపించుకుంది. అయితే ఆ ఫ్లోర్లలో విజయా వాళ్ళ సినిమాలే తీయలేదు కదా, కిరాయికి ఇచ్చేటోళ్ళు. ఈ ఫ్లోర్‌లో తెలుగు సినిమా సెట్, పక్క ఫ్లోర్‌లో తమిళ సినిమా సెట్, పొద్దున రాజుగారి కొలువు ఉన్న జాగలో వారం తిరిగేసరికి పూరి గుడిసె. అంటే మనకాడ స్టూడియో చరిత్ర అంటే సినిమాల లిస్టు కాదు, ఫ్లోర్ చరిత్ర. అక్కడ మేకులు కొట్టినోళ్ళది, లైట్లు మోసినోళ్ళది, రంగులు వేసినోళ్ళది. ఇది ఒక్కటి అర్థమైతే రైడ్‌లో ఏం పెట్టాలె ఏం పెట్టొద్దు అన్నది సగం తేలిపోతది.

ఇంతకు ముందు ఇట్లాంటిది ఎవలు చేసిండ్రు అంటే, పెద్ద దాఖలా ఫ్లోరిడాలో ఉండె. డిస్నీ వాళ్ళు 1985లో ఎంజీఎం అనే హాలీవుడ్ సినిమా కంపెనీతో ఒప్పందం చేసుకుని ఆ పేరు వాడుకునే హక్కు తీసుకున్నరు, 1989 మే 1న డిస్నీ-ఎంజీఎం స్టూడియోస్ అని పార్క్ తెరిచిండ్రు, దాని నడిమధ్యన గ్రేట్ మూవీ రైడ్. బయట ముఖం హాలీవుడ్‌లో ఉన్న చైనీస్ థియేటర్‌కు అచ్చం నకలు. లోపల సినిమా హాల్ సీట్ల లాంటి పెద్ద బండ్లు, ఒక మనిషి ముందట నిలబడి కథ చెప్పుకుంట తీసుకపోతుంటే నడుమ ఒక దొంగ వచ్చి బండిని గుంజుకుంటడు, చుట్టూ కదిలే బొమ్మలతో పాత సినిమాల సీన్లు. మొత్తం 22 నిమిషాల దాకా పట్టేది. బాపు భాషలో చెప్పాలంటే 2000 అడుగుల రీల్ ఒకటి ఆడినంత సేపు. 28 ఏండ్లు నడిచింది, 2017 ఆగస్టు 13న మూసేసిండ్రు, 2020 మార్చిల అదే బిల్డింగ్‌లో మిక్కీ మౌస్ రైడ్ వచ్చింది. పార్క్ పేరులకెల్లి ఎంజీఎం అయితే 2008లనే పోయింది.

దాన్ని చూసి మనం నేర్చుకునేది ఏందంటే, ఆ రైడ్ బలం, బలహీనత రెండూ ఒక్కటే. అది జనానికి ముందే తెలిసిన సినిమాల మీద ఆధారపడ్డది. ఆ సినిమాలు చూసిన తరం కూసున్నంత కాలం ప్రతి మలుపుకు "అరే ఇది అదే కదా" అన్న సంతోషం. ఆ తరం తగ్గి, ఆ సినిమా పేరే వినని పిల్లగాడు వచ్చి కూసుంటే వానికి అది చీకట్ల నిలబడ్డ ఒక బొమ్మ, అంతే. కాబట్టి మన రైడ్ "గుర్తుపట్టుడు" మీద నిలబడొద్దు. సినిమా చూడనోనికి కూడా పనిచేయాలె.

ఇంకో రకం ఉంది, కాలిఫోర్నియాలో యూనివర్సల్ వాళ్ళది, 1964 నుంచి ట్రామ్ బండ్లలో జనాన్ని ఎక్కించుకుని నిజంగా షూటింగులు జరిగే స్టూడియోనే తిప్పి చూపిస్తరు. మన రామోజీ ఫిల్మ్ సిటీ, 1996లో మొదలైంది, అది కూడా ఈ దారిలోనిదే, బస్సులో తిప్పుతరు, సెట్లు చూపిస్తరు, చూడవచ్చినోళ్ళల్ల ఒకరిని పిలిచి టాంగా మీద కూసోబెట్టి సీన్ ఎట్ల తీస్తరో చేసి చూపించే షో కూడా ఉంది. అది బతికున్న స్టూడియోకు సరిపోయే పద్ధతి. చెన్నైలో ఏవీఎం వాళ్ళు 2023లో పాత కార్లు, కెమెరాలు పెట్టి మ్యూజియం తెరిచిండ్రు, అది దాచిపెట్టుకున్నోళ్ళకు సరిపోయే పద్ధతి. గోడలు కూడా లేకుండ పోయిన స్టూడియోకు మాత్రం మిగిలింది రైడే, ఎందుకంటే రైడ్ అంటేనే లేని జాగను మళ్ళీ కట్టుడు.

ఇగ రైడ్ ఎట్ల పనిచేస్తదో చూద్దాం, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఇట్లాంటిదాన్ని డార్క్ రైడ్ అంటరు. మన ఎగ్జిబిషన్లల్ల, జాతరలల్ల భూత్ బంగ్లా అని చిన్న రైలు తిరుగుతది చూడండి, దానికి పెద్దన్న. బయటి వెలుతురు లోపలికి రాదు, ఏది కనబడాలె ఏది కనబడొద్దు అన్నది మొత్తం కట్టినోని చేతిలో ఉంటది. డిస్నీ వాళ్ళు 1967లో ఆమ్నిమూవర్ అని ఒక పద్ధతి తెచ్చిండ్రు, 1969లో హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల కొంప రైడ్‌లో వాడిందీ అదే. గొలుసు లాగ ఆగకుండ కదిలే బండ్లు, ఒక్కోదాంట్ల ఇద్దరు ముగ్గురు, ప్రతి బండి తనంతట తాను ఎడమకు కుడికి తిరుగుతది, ఎక్కినోని ముఖం ఎటు తిరగాలో బండే తిప్పుతది. అంటే ఏందన్నట్టు? బండే కెమెరా. ఎటు ప్యాన్ చేయాలె, ఎక్కడ దగ్గరికి పోవాలె అన్నది డైరెక్టర్ నిర్ణయించినట్టే. కాకపోతే ఒక్క తేడా, ఇండ్ల కట్ ఉండదు. సినిమాలో ఒక షాట్ నుంచి ఇంకో షాట్‌కు టక్కున దుంకొచ్చు, రైడ్‌లో మనిషి శరీరం అక్కడనే ఉంటది, దుంకలేడు. అందుకని రెండు సీన్ల నడుమ ఒక చీకటి సందు, ఒక మూల మలుపు, ఒక తలుపు పెడ్తరు, రైడ్‌లో కట్ అంటే గోడే.

మాకు ఇది కొత్త ముచ్చట కూడా కాదు. చేర్యాల నకాషీ పటం చూసినోళ్ళకు వెంటనే అర్థమైతది. చేర్యాల ఇప్పుడు సిద్దిపేట జిల్లాలకు పోయింది గని ఒకప్పుడు మా వరంగల్ జిల్లానే. ఖద్దరు బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూత పూసి, ఎర్రటి రంగు మీద కులపురాణం మొత్తం వరుసల వారీగా గీస్తరు, కథ చెప్పేటోళ్ళు రాత్రిపూట దీపం వెలుగుల ఆ పటాన్ని కొంచెం కొంచెం విప్పుకుంట పాడుతరు. చుట్టూ చీకటి, వెలుతురు పటం మీదనే, ముందు వరుస కనబడాలంటే ముందు కథ వినాలె. అక్కడ మనిషి కూసుంటడు, పటం కదులుతది. రైడ్‌లో పటం నిలబడి ఉంటది, మనిషి కదులుతడు. నా లెక్కల రెండూ ఒకటే విద్య.

ఇగ లెక్కలు. రైడ్ కట్టేటోళ్ళు మొదట అడిగే ప్రశ్న కథ గురించి కాదు, గంటకు ఎంతమంది అని. మూడు సెకండ్లకు ఒక బండి ముందుకు కదిలితే గంటకు 1200 బండ్లు, బండికి ఇద్దరైతే 2400 మంది. అదే 20 మంది పట్టే పెద్ద బండ్లు పెట్టి 30 సెకండ్లకు ఒకటి వదిలినా గంటకు 120 బండ్లు, మళ్ళా అదే 2400. మరి ఏది మేలు? చిన్న బండి అయితే ముఖం తిప్పొచ్చు, ఎవలకు వాళ్ళకు సొంత సీన్ లాగ ఉంటది, పెద్దది అయితే ఇంటిల్లిపాది, అమ్మమ్మ తాతతో సహా ఒక్కదాంట్ల ఎక్కొచ్చు. మన దిక్కు జనం ఎట్ల పోతరు? ఒక్కొక్కరు పోరు, మేడారం పోయినా వేములవాడ పోయినా అందరు కలిసి పోతరు. అందుకని నాకు పెద్ద బండే కావాలె. కూసున్నోళ్ళు సెకండ్‌కు అర మీటర్ స్పీడ్‌తో కదిలితే 8 నిమిషాల కథకు 240 మీటర్ల పట్టా చాలు, దాన్ని పాములాగ మడిస్తే 40 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడుగున్న షెడ్‌లో పడుతది. ఎనుమాముల మార్కెట్ దిక్కు పత్తి, మిర్చి బస్తాలు పెట్టే గోదాములు చూసిన ప్రతిసారీ నాకు ఇదే అనిపిస్తది, నడుమ స్తంభాలు లేకుండ, ఎత్తుగా, కిటికీలు లేకుండ ఉండే షెడ్డు. స్టూడియో ఫ్లోర్ అంటే కూడా అదే కదా, లైట్లు కట్టుకునే పరంజా ఉన్న గోదాము.

ఆ పెద్ద బండి ఏ రూపంల ఉండాలె అన్నది నేను ఎక్కువ ఆలోచించకుండనే తేలింది. రైలు డబ్బా. మా వరంగల్ స్టేషన్‌లో ఆగే జీటీ ఎక్స్‌ప్రెస్, 1929 నాటి బండి, మద్రాస్ పోవాలంటే ఎక్కింది దాన్నే. మా దిక్కు మనుషులకు సినిమా అంటే ముందు ఒక రైలు ప్రయాణం, సొంత ఊర్ల స్టూడియో లేదు. పైడి జైరాజ్ కరీంనగర్ల పుట్టినోడు, బొంబాయికి పోయి మూకీ సినిమాల కాలంలనే హీరో అయిండు, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. సి.నారాయణరెడ్డి హనుమాజీపేట పిల్లగాడు, 1962లో వచ్చిన గులేబకావళి కథకు పాటలన్నీ రాసిండు. చల్లగరిగ నుంచి పోయిన చంద్రబోస్ 2023లో ఆస్కార్ పట్టుకొచ్చిండు. అందుకని ఎక్కే జాగ వరంగల్ స్టేషన్ ప్లాట్‌ఫామ్ లాగ ఉండాలె, చెక్క బెంచీలు, చాయ్ కొట్టు, పసుపు రంగు బోర్డు మీద మూడు భాషల్ల ఊరి పేరు. క్యూ కూడా అక్కడనే, లోపలనే. మే నెలల మా ఎండలు తెలిసినోడు ఎవడూ క్యూను బయట పెట్టడు.

మొదటి సీన్ బొంబాయి. చాలామందికి ఇది తెలవదు, తెలుగు మొదటి టాకీ మద్రాసులో కాదు తయారైంది, బొంబాయిలో. భక్త ప్రహ్లాద, హెచ్.ఎం.రెడ్డి తీసిండు, 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. ఎల్.వి.ప్రసాద్ ఇండ్ల చిన్న వేషం వేసిండు, అంతకు ముందు హిందీ మొదటి టాకీలో, తమిళం మొదటి టాకీలో కూడా ఆయన ఉన్నడు. ఆ కాలంలో ప్లేబ్యాక్ లేదు, యాక్టరే పాడుకుంట నటించాలె, వాయిద్యాల మోత అదే టైంకు రికార్డ్ కావాలె, కానీ వాయించేటోళ్ళు కెమెరాకు కనబడొద్దు. అందుకని వాళ్ళను చెట్టు చాటుకో సెట్ గోడ చాటుకో కూసోబెట్టేటోళ్ళు. నా రైడ్ మొత్తానికి ప్రాణం ఈ ఒక్క సీన్‌లో ఉంది. బండి మొదట సెట్ ముందట నుంచి పోతది, ఒక తోట, ఒక గొంతు పాడుతుంటది, హార్మోనియం వినబడుతది గని ఎక్కడుందో తెలవదు. అటెన్క పట్టా వంకర తిరిగి అదే తోట వెనుకకు పోతది. వెనుక చెట్టు సగమే ఉంది, ముందటి సగం ప్లాస్టర్, ఇటు దిక్కు కర్రలు, మేకులు, గోనెపట్ట, ఆ కర్రల నడుమ ఒకాయన మోకాళ్ళు ముడుచుకుని హార్మోనియం వాయిస్తున్నడు, చెమటలు కారుతున్నయి, ముఖం యాక్టర్ పెదవుల దిక్కే.

ప్రతి సెట్‌ను రెండుసార్లు చూపించాలె, ముందు నుంచి ఒకసారి, వెనుక నుంచి ఒకసారి. ఇదే నా మాట, మిగతాదంతా దీని చుట్టే తిరుగుతది. ఫ్లోర్ చరిత్ర అంటే వెనుక దిక్కు చరిత్ర, దాన్ని చూపించకపోతే మనం మళ్ళీ హీరోల విగ్రహాలే పెట్టినోళ్ళమైతం. పట్టా పొడుగు పెరుగుతది, ఖర్చు పెరుగుతది, నిజమే, సీన్ల సంఖ్య తగ్గించుకుంటే సరి. పది సీన్లు పైపైన చూపించేకంటే నాలుగు సీన్లు రెండు దిక్కుల నుంచి చూపిస్తే మేలు.

దీనికి ఒక మాట అడ్డం వస్తది, నా దోస్త్ ఒకడు అన్నడు కూడా, వెనుక చూపిస్తే మజా పోదా అని. నేను బాపును యాదికి తెచ్చుకుంట. ఆయనకు ఆ వెలుతురు ఎక్కడికెల్లి వస్తదో తెలుసు, రెండు కార్బన్ కడ్డీలను ఎంత దూరంల పెడితే ఎంత మంట వస్తదో తెలుసు, రీల్ ఎక్కడ అతికిండో, పాటలో ఎక్కడ గీత పడ్డదో తెలుసు. తెర మీద మూల చుక్క పడంగనే రెండో ప్రొజెక్టర్ అందుకునేటోడు, కింద కూసున్నోళ్ళకు రీల్ మారినట్టే తెలిసేది కాదు. అన్నీ తెలిసినోడు ఆ చిన్న కిటికీలకెల్లి కండ్లల్ల నీళ్ళు పెట్టుకుని సినిమా చూసేటోడు, నలభై ఆటలు వేసిన సినిమానే. తెలిస్తే మజా పోతదన్న మాట నేను నమ్మను.

రెండో సీన్ వాహిని ఫ్లోరే, 1950ల నడుమ. ఇక్కడ నేను మాయాబజార్ పేరు చెప్పకుండ ఉండలేను, ఎందుకంటే ఫ్లోర్ మీద జరిగే పనికి అంత మంచి దాఖలా ఇంకోటి లేదు. 1957 మార్చి 27న విడుదల, కె.వి.రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్‌ట్లీ కెమెరా, గోఖలే, కళాధర్ కళ. ఆ సినిమాలో కనబడే ద్వారకానగరం 50 అడుగులకు 60 అడుగుల జాగలో పేర్చిన సుమారు 300 చిన్న చిన్న ఇండ్లు, వాటికి లోపల కరెంట్ లైట్లు. పడవ పాటలో వెన్నెల నిజం వెన్నెల కాదు, బార్‌ట్లీ కెమెరాతో, లైట్లతో పుట్టించిన వెన్నెల. ఇగ దీన్ని రైడ్ చేయాలంటే ఎంత బాగుంటదో ఊహించండి. బండి చీకట్లకెల్లి మెల్లగ పైకి ఎక్కుతది, కింద మొత్తం నగరం, కిటికీ కిటికీకి దీపం, ఎక్కినోళ్ళకు ఆకాశంల ఉన్నట్టే అనిపిస్తది. తర్వాత బండి దిగి అదే నగరం పక్కకు వస్తది, అప్పుడు తెలుస్తది మేడలు మోకాలి ఎత్తు కూడా లేవని, ఒక మనిషి కడుపు మీద పడుకుని చెయ్యి చాపి ఒక ఇంట్ల బల్బ్ మారుస్తున్నడు.

ఈ ఇండ్లు చేయాలంటే ఎవలను పిలవాలె? నేనైతే చేర్యాల బొమ్మలోళ్ళనే పిలుస్త. తెల్ల పొణికి కర్ర, రంపపు పొట్టు, చింతగింజల పిండి, తేలికగా, గట్టిగా ఉండే బొమ్మలు చేసుడు వాళ్ళకు తరాల నుంచి వచ్చిన పని. ముఖాల మాస్కులు కూడా వాళ్ళే చేస్తరు.

మూడో సీన్ మాయాబజార్‌లోని భోజనం. లడ్డూలు వాటంతటవే లేచి పోవుడు సినిమాలో కెమెరాతో అయ్యే పని, రైడ్‌లో కెమెరా లేదు, కండ్ల ముందట కావాలె. దీనికి 1862లో లండన్‌ల జాన్ హెన్రీ పెప్పర్ చూపించిన ఒక ఉపాయం ఉంది, పెప్పర్స్ ఘోస్ట్ అంటరు, హాంటెడ్ మాన్షన్‌లో దయ్యాలు ఆడేది కూడా దాని మీదనే. ఇది చదివి తెలుసుకునేకంటే చేసి చూడాలె, నేను మా ఇంట్ల చేసిన. ఒక పెద్ద అట్టపెట్టె లోపల నల్ల రంగు వేసి, పాత ఫోటో ఫ్రేమ్ అద్దం తీసి పెట్టె నడుమ అడ్డంగ, 45 డిగ్రీల వాలుగ నిలబెట్టిన. అద్దం వెనుక ఒక ఖాళీ ఇత్తడి పళ్ళెం. పక్కకు, చూసేటోళ్ళకు కనబడని మూలలో, నల్ల గుడ్డ మీద ఒక లడ్డూ, దాని మీద ఫోన్ టార్చ్. లైట్లన్నీ ఆర్పి ముందట నుంచి చూస్తే పళ్ళెం కనబడుతది, టార్చ్ వెయ్యంగనే ఆ పళ్ళెంల లడ్డూ ప్రత్యక్షం, ఎందుకంటే అద్దంల ప్రతిబింబం అద్దానికి వెనుక అంతే దూరంల ఉన్నట్టు కనబడుతది. లడ్డూకు నల్ల దారం కట్టి లేపితే పళ్ళెంలోంచి లేచినట్టే. టార్చ్ మీద మెల్లగ చెయ్యి అడ్డం పెడితే లడ్డూ గాల్ల కరిగిపోతది. మొదటిసారి అద్దం మీద నా వేలి ముద్రలు కనబడి అంతా పాడైంది, రెండోసారి దూరం కుదరక లడ్డూ పళ్ళెం బయట తేలింది, దారంతో కొలిచి జరిపినంక కుదిరింది. పక్కింటి పాప ఐదేండ్లది, చెయ్యి పెట్టి తీసుకోబోయింది, చెయ్యి లడ్డూలకెల్లి అటు పోయింది, అప్పుడు అది చూసిన చూపు నేను మర్చిపోను. వెంటనే పెట్టె వెనుకకు ఉరికింది ఎక్కడ దాచిండ్రో చూద్దామని. చూసి మళ్ళీ ముందటికొచ్చి "ఇంకోపారి" అన్నది. నా దోస్త్‌కు నేను చెప్పే జవాబు ఆ పాపే.

ఇప్పుడు అన్నిటికంటే చిక్కుముడి, హక్కులు. ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటరు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమాకు విడుదలైన తర్వాతి సంవత్సరం నుంచి 60 ఏండ్లు గడువు. 1957లో వచ్చిన సినిమా బ్లాక్ అండ్ వైట్ బొమ్మకు 2017 ఆఖరుతో ఆ గడువు అయిపోయినట్టు లెక్క. అయితే ఇగ ఏమైనా వాడుకోవచ్చు అనుకుంటే పొరపాటు. సినిమాలో ఉన్న పాట సాహిత్యం వేరే లెక్క, దానికి రాసినాయన చనిపోయినంక 60 ఏండ్లు. మాయాబజార్‌కు మాటలు, పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయిండు, అంటే ఆయన మాటలకు, పాటలకు 2031 ఆఖరు దాకా గడువు ఉన్నట్టే. బాణీలకు వాటిని కట్టినోళ్ళ ఆయుష్షును బట్టి వేరే. 2010లో వచ్చిన రంగుల వెర్షన్‌కు రంగులు వేసినోళ్ళ హక్కు వేరే. కంపెనీ పేరు, జెండా గుర్తు ట్రేడ్‌మార్క్ కిందికి వస్తయి. యాక్టర్ ముఖం, గొంతు వ్యాపారానికి వాడుకోవాలంటే ఇప్పుడు కోర్టులు కూడా గట్టిగనే చూస్తున్నయి, వారసులను అడగకుండ ముట్టొద్దు. అంటే ఒక్క నిమిషం సీన్ కోసం నాలుగైదు ఇండ్ల తలుపులు కొట్టాలె. కొట్టాలె కూడా, అది వాళ్ళకు ఇయ్యాల్సిన గౌరవం.

ఈ చిక్కుకూ, ఇంకో పెద్ద చిక్కుకూ ఒక్కటే దారి కనబడ్డది నాకు. ఆ రెండోది ఏందంటే ముఖం. కదిలే బొమ్మలు 1963 నుంచి డిస్నీల ఉన్నయి, మొదట పక్షులు, 1964లో న్యూయార్క్ ఎగ్జిబిషన్‌లో లింకన్ బొమ్మ లేచి నిలబడి మాట్లాడింది. మనకూ చేయించొచ్చు, కానీ ఎస్.వి.రంగారావు నవ్వును రబ్బర్ ముఖంల పెడితే, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు కుదిరినా మిగిలిన ఒక్క పాలు జనానికి కాలుతది, మనోళ్ళు ఆ ముఖాలను ఇంట్లోళ్ళ ముఖాల లాగ గుర్తుపెట్టుకున్నరు. అందుకని హీరోల ముఖాలు వద్దు. నీడ చాలు. తెర మీద గద భుజానికెత్తిన భారీ నీడ ఒకటి పడితే ఆ నడకతోనే తెలిసినోనికి తెలుస్తది, తెలవనోనికి అది ఒక పెద్ద రాక్షసుడు, ఇద్దరికీ పనిచేస్తది. తోలుబొమ్మలాట చూసిన దేశం మనది, నీడతో కథ చెప్పుడు మనకు ఒకరు నేర్పాల్నా. ముఖం ఉన్న బొమ్మలు మాత్రం ఫ్లోర్ మీద పనిచేసేటోళ్ళకు పెట్టాలె, సెట్ మేస్త్రీకి, లైట్ బాయ్‌కి, మేకప్ ఆయనకు, హార్మోనియం ఆయనకు. సినిమాలో ఎన్నడూ కనబడనోళ్ళకు ఇక్కడ వెలుతురు పడాలె.

నాలుగో సీన్‌ను తొందరగ చెప్త, అది తిరుగు ప్రయాణం. సినిమా మద్రాస్ నుంచి మెల్లమెల్లగ హైదరాబాద్‌కు వచ్చింది, అమీర్‌పేటల సారథి స్టూడియో ముందు నుంచే ఉంది, 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ బంజారాహిల్స్ రాళ్ళ నడుమ మొదలైంది, ఇంకొన్ని వచ్చినయి. రైలు కిటికీలకెల్లి రాళ్ళు కనబడుతయి, రాళ్ళ నడుమ ఒక షెడ్డు లేస్తుంటది. ఇక్కడ కదిలే బొమ్మలు వద్దు, మస్తు ఖర్చు, ఒక పొడుగాటి నకాషీ పటం గోడ పొంటి పరిచి దాని మీద లైట్లు నడిపిస్తే చాలు.

నడిపే ఖర్చు సంగతి కూడా చెప్పాలె, కట్టుడు ఒక్కనాటి పని, నడుపుడు రోజూ పని. ఏసీ ఆగితే చింతగింజల పూతకు చెమ్మ పడుతది, దుమ్ము పడితే అద్దం మీద లడ్డూ ఆడదు, నా అట్టపెట్టెలనే ఒక వేలి ముద్రకు అంతా పాడైంది కదా. ఫ్లోరిడా రైడ్‌లో మనుషులే కథ చెప్పేటోళ్ళు, బలం అదే, రోజూ పెద్ద ఖర్చూ అదే. అయినా నేను మనిషినే పెడ్త. ఖిలా వరంగల్‌లో సౌండ్ అండ్ లైట్ షో చూసినోళ్ళకు తెలుసు, కీర్తి తోరణాల మీద లైట్లు ఎంత బాగున్నా రికార్డ్ చేసిన గొంతు రోజూ ఒకే తీరు ఉంటది, ముందట పిల్లలు ఉన్నరో పెద్దలు ఉన్నరో దానికి తెలవదు. ఒగ్గు కథ చెప్పేటాయన అట్ల కాదు, మీ ముఖం చూసి కథ పొడిగిస్తడు, కుదిస్తడు. అట్లాంటి గొంతున్న పిల్లలు మా యూనివర్సిటీల, ఊర్లల్ల ఎంతమంది ఉన్నరో. బండికి ఒకరు, టీసీ కోటు వేసుకుని టికెట్ చూసుకుంట కథ చెప్పాలె.

ఆఖరుకు బండి ఖాళీ ఫ్లోర్‌లోకి వస్తది. సెట్ తీసేసిండ్రు, నేల మీద సుద్దముక్కతో గీసిన గుర్తులు, ఒక మూలకు మడిచిన గోనెపట్టలు. ఎవరో "ప్యాకప్" అంటరు. పైన పరంజా మీద లైట్లు ఒక్కొక్కటే ఆరుకుంట పోతయి, ఆర్పుకుంట పోయే మనిషి చెప్పుల చప్పుడు నెత్తి మీదనుంచి పోతది. దిగినంక బయటికి పోయే మెట్లు ఒక ప్రొజెక్టర్ క్యాబిన్‌లకెల్లి ఉండాలె, సన్నగ, ఒక్కరు పట్టేటంత. గోడకు చిన్న కిటికీ, దాంట్లకెల్లి చూస్తే కింద మొదటి సీన్ తోట, అప్పుడే ఇంకో రైలు డబ్బా దాని ముందటికి వస్తుంటది, హార్మోనియం ఎక్కడుందో వాళ్ళకింకా తెలవదు. కిటికీ పక్కన ఒక ఇనుప స్టూల్, స్టూల్ కింద ఒక అన్నం క్యారియర్ పెడ్త.